తాడు బరువు

గోదావరిఖని నుంచి కరీంనగర్ వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్న అమ్మాయి, ఆ రోజు పరీక్షకు భౌతికశాస్త్రం లెక్కలు చేస్తోంది. వాలు మీద బండిని తాడుతో లాగే లెక్క. జవాబు ఎంతకీ కుదరక కాళ్లు ఆడిస్తోంది. చూస్తే తాడుకూ తనే ఒక బరువు వేసుకుంది.

“తాడు బరువు తీసెయ్యి చెల్లె. పుస్తకంల లెక్కకు తాడుకు బరువుండదు,” అన్నాను.

“గట్లెట్లక్కా? మా నాయిన గనిల బొగ్గు టబ్బులు గుంజే తాడు కాడనే పనిచేస్తడు. అడుగున్రి, తాడు ఎంత బరువుంటదో చెప్తడు.”

“పేపరు దిద్దేది మీ నాయిన కాదు గద.”

నవ్వి తాడు బరువు కొట్టేసింది. జవాబు కుదిరింది.

“మీ ఇంట్ల గూడ గనిల చేస్తరా అక్కా?”

“మా అన్న చేసెటోడు. పోయిన నెల తాడు తెగి చనిపోయిండు.”

ఆమె పుస్తకం మూసేసింది. కరీంనగర్ వచ్చేదాకా తండ్రికి ఫోను కలుపుతూనే ఉంది. గనిలోకి దిగిన మనిషికి ఫోను కలవదని మా ఇద్దరికీ తెలుసు.