బాపు కట్టిన రాగి తీగ

మా చిన్నప్పుడు... హెలికాప్టర్ చప్పుడైతే పిల్లలంతా బయటికి ఉరికేవాళ్లమని చాలామంది మురిపెంగ రాస్తుంటరు. బోధన్ పక్కన మా ఊళ్లె మేం లోపలికి ఉరికేటోళ్లం.

అది చెరుకు తోటల మీద కిందికి దిగి తిరిగేది... పోలీసులు నక్సలైట్లను వెతుకుతున్నరని పెద్దోళ్లు గుసగుసలాడేటోళ్లు. అమ్మ దర్వాజ మూసి, మమ్మల్ని వడ్ల గుమ్మి వెనుక కూసోబెట్టేది.

బాపు చక్కెర ఫ్యాక్టరీల కార్మికుడు. షిఫ్టు దిగొచ్చి రేడియో వినుడు ఒక్కటే ఆయన షోకు. దూరం స్టేషన్లు గరగరమంటున్నయని ఇంటి పెంకుల మీంచి వేపచెట్టు దాకా రాగి తీగ కట్టిండు.

ఒక పొద్దుగాల వాకిట్ల పోలీసు జీపు ఆగింది.

"గీ తీగతోని ఎవనితోని మాట్లాడుతున్నవ్ రా?"

"ఇది మాట్లాడదు సార్... ఇంటది, గంతే."

"ఓహో... ఎవని మాటలు ఇంటున్నవ్ మరి?"

దానికి ఏం జవాబు చెప్పినా తప్పే. రేడియోను, బాపును జీపుల ఎక్కించుకొని పోయిండ్రు. పొద్దుగూకినంక బాపు ఒక్కడే కుంటుకుంట వచ్చిండు. రేడియో రాలేదు. తీగ విప్పి, చుట్ట చుట్టి అటక మీద పడేసిండు. మళ్ల రేడియో కొనలేదు...

"ఆ రోజులే వేరు" అని రాసెటోళ్లతోని నాకు పంచాయితీ అందుకే. వేరే... కానీ ఎవరికి?

మొన్న ఆదివారం నిజామాబాద్‌ల మా ఇంట్ల, డిగ్రీ చదివే నా బిడ్డ కంప్యూటర్ ముందల కూసున్నది. మన మీదికెల్లి పోయే విమానాలు చూస్తదట. విమానాల సిగ్నళ్లు పట్టే వేలంత రిసీవర్ గుచ్చితే కంప్యూటర్ దాన్ని టీవీ పరికరం అనుకున్నది. టీవీ కోసం ఎక్కిన డ్రైవర్ ప్రోగ్రాం తీసేసి వేరేది ఎక్కించి, సాఫ్ట్‌వేర్ తెరిచింది. పటం ఖాళీ.

"యాంటెన్నా ఎత్తు మీద పెట్టాలె డాడీ" అని డాబా మీద నీళ్ల ట్యాంకుకు కట్టి, కిందికి తీగ వదిలింది.

నేను వాకిట్లకు పోయి గల్లీ రెండు దిక్కుల చూసొచ్చిన.

కొద్దిసేపటికి పటం మీద బోధన్ దిక్కు నుంచి ఒక చిన్న విమానం బొమ్మ కదిలింది. పక్కన దాని ఎత్తు, వేగం... "నేను ఫలానా, ఇక్కడున్న అని ఆ విమానమే గాలిల చెప్పుకుంట పోతది డాడీ" అన్నది బిడ్డ.

గప్పుడే గల్లీల ఏదో బండి ఆగిన చప్పుడు. పక్కింటాయన గోడ మీదికెల్లి తొంగి చూసిండు.

"అన్నా, గా తీగేంది? ఎవలన్న అడిగితే ఏం చెప్తవ్?"

నవ్వుకుంటనే అడిగిండు... నేను మాత్రం మెట్లెక్కి ట్యాంకు కాడికి ఉరికిన. భయపడొద్దని హక్కుల మీటింగులల్ల మైకు పట్టుకొని అరిచే మనిషిని, తీగ మీద చెయ్యేసిన. గుంజి పీకబోయిన.

బిడ్డ వెనుకే వచ్చింది. "పీకకు డాడీ. అది మాట్లాడదు... ఇంటది, గంతే."

బాపు సంగతి బిడ్డకు తెల్వదు. నేనెన్నడూ చెప్పలేదు.

చెయ్యి తీసేసిన... ధైర్యం వచ్చిందని అబద్ధం రాయను. వినుడు నేరం ఎట్లయితదని ఎవరితోనైనా కొట్లాడుత. కానీ వాకిట్ల జీపు ఆగితే ముందుగాల డాబా మీది తీగ దిక్కే చూస్త.

గప్పుడు ఆకాశం మమ్మల్ని వెతికేది... గిప్పుడు నా బిడ్డ ఆకాశాన్ని వెతుకుతున్నది. నా చెవి మాత్రం ఇంకా గల్లీ మీదనే ఉన్నది.

మీ ఇంట్ల ఏ చప్పుడుకు దర్వాజ మూసేటోళ్లు? చెప్పుండ్రి... ఇనెటోళ్లం ఉన్నం.