నాలుగు వేళ్ళు దిగితే నాగపూర్

మా బడిలో భూగోళం అనే మాట ఎవరూ అనరు. సోషల్ అంటారు. అది కూడా కూరలో కరివేపాకును కంచం అంచుకు నెట్టినట్టు అంటారు. ఇరవై రెండేళ్ళుగా ఆ కరివేపాకు నేనే. పొద్దున్నే మచ్చ బొల్లారంలో బడి బస్సెక్కి, తూంకుంట దాటాక కొత్త లేఅవుట్ల మధ్య లేచిన అద్దాల భవనం ముందు దిగి, పదో తరగతికి నదులూ నేలలూ రుతుపవనాలూ చెప్తాను. చెప్తానంటే, లెక్కల సార్‌కు సిలబస్ మిగిలిపోని రోజున చెప్తాను. అలాంటి రోజులు నెలకు నాలుగైదు వస్తాయి.

మా కరస్పాండెంటుకు సోషల్ మీద ఒక సిద్ధాంతం ఉంది. అందులో అర్థం చేసుకోవలసింది ఏమీ లేదట, బట్టీ పడితే వచ్చేస్తుందట, కాబట్టి ఎవరు చెప్పినా ఒకటేనట. ఈ మాట ఆయన నా ముందే, చాలా మర్యాదగా, టీ ఇప్పించి మరీ చెప్పాడు. బడికి ఉన్న ఒకే ఒక్క మంచి దేశపటాన్ని తన కుర్చీ వెనక గోడకు తగిలించుకున్నాడు. అడ్మిషన్లకు వచ్చిన తల్లిదండ్రులు దాన్ని చూసి తలలూపుతారు. క్లాసుకు తీసుకెళ్తానంటే చిరిగిపోతుంది మేడం అంటాడు. పేరు గొప్ప ఊరు దిబ్బ అనే సామెతకు బొమ్మ వేయమని పిల్లలకు ఇవ్వాల్సి వస్తే ఆ గదినే వేయమంటాను.

తల్లిదండ్రులు ఆయనకు తగ్గవాళ్ళే. కోస్తా జిల్లాల నుంచి వచ్చి ఈ కాలనీల్లో ఇళ్ళు కొనుక్కున్న ఉద్యోగస్తులు ఎక్కువ. పిల్లాడు ఆరో తరగతిలో ఉండగానే ఐఐటీ ఫౌండేషన్‌లో వేస్తారు. ఒక నాన్నగారు మీటింగులో నాతో, మావాడికి పీఠభూములూ డెల్టాలూ అక్కర్లేదండీ, మీరు హోంవర్కు ఇవ్వకుండా ఉంటే అదే పదివేలు అన్నారు. ఆ వానాకాలంలోనే వాళ్ళ సెల్లారులోకి మోకాలి లోతు నీళ్ళు వచ్చాయి. నీళ్ళు మా సందులోకే ఎందుకు వస్తున్నాయంటూ క్లాసు వాట్సాప్ గ్రూపులో పెద్ద వ్యాసం రాశారు. ఊరి పేరులోనే కుంట ఉంది మహానుభావా అని రాయబోయి, ఉద్యోగం గుర్తొచ్చి, దండం బొమ్మ ఒకటి పెట్టి ఊరుకున్నాను.

పిల్లలు కూడా అలాగే తయారయ్యారు. రుతుపవనాల మీద ఐదు పాయింట్లు గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పే పిల్లను కిటికీ దగ్గరికి పిలిచి, ఆ మబ్బు ఎటు నుంచి వస్తోందో చెప్పమన్నాను ఒకసారి. అది సిలబస్‌లో ఉందా మేడం అని అడిగింది. ఎగతాళి కాదు, నిజంగానే అడిగింది. ఇలా అందర్నీ చూసి లోలోపల నవ్వుకుంటూ, వీళ్ళందరి మధ్య నేనొక్కదాన్నే నిఖార్సైన టీచర్నని చాలాకాలం నమ్మాను. ఆ నమ్మకం ఎలా ఊడిందో చెప్తాను.

పదో తరగతి సోషల్ పరీక్షలో మ్యాపు ప్రశ్న ఉంటుంది. ఖాళీ భారతదేశ పటం ఇచ్చి ఫలానా ఊళ్ళు గుర్తించమంటారు. పెద్ద జవాబులు గుర్తుంచుకోలేని పిల్లలను గట్టున పడేసేది ఆ మార్కులే. వాళ్ళ కోసం నేనొక కొలత కనిపెట్టాను. పటం నెత్తి దగ్గర వేళ్ళు అడ్డంగా ఆనించి నాలుగు వేళ్ళు దిగాలి, ఎడమ అంచు నుంచి రెండున్నర వేళ్ళు లోపలికి జరగాలి, అక్కడ చుక్క పెడితే నాగపూర్. ఐదు దిగితే హైదరాబాద్. ఆరు దిగి మూడు జరిగితే చెన్నై. క్లాసంతా వేళ్ళు ఆడిస్తూ ఎక్కాల్లాగా చదివేది. నాగపూర్ చుట్టూ ఏముంది, దాన్ని దాటి రైళ్ళు ఎటు పోతాయి అని చెప్పే టైం నాకెవడిచ్చాడు? దసరా నాటికి ఆఖరి బెంచీలకు కూడా మ్యాపులో పూర్తి మార్కులు రావడం మొదలైంది.

కరస్పాండెంటు ఉబ్బిపోయాడు. మేడ్చల్‌లో ఉన్న తమ ఇంకో బ్రాంచి టీచర్లను బస్సులో పిలిపించి నా క్లాసు వెనక కూర్చోబెట్టాడు. వాళ్ళు ఫోన్లలో వీడియోలు తీసుకున్నారు. చివర్లో నాకు శాలువా కప్పాడు. సోషల్‌కు బుర్ర అక్కర్లేదన్న మనిషి చేత శాలువా కప్పించుకుని, ఆ ఫొటోను నేను డీపీగా పెట్టుకున్నాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

అసలు చిక్కు పటం సైజులో ఉంది. కాగితం కలిసొస్తుందని మా బడివాళ్ళు ఒక్క కాగితం మీద నాలుగు పటాలు జెరాక్స్ తీయించి, కత్తిరించి, తలకొకటి పంచేవాళ్ళు. నా వేళ్ళ లెక్కలన్నీ ఆ అరచేతి పటానికి కుదిరినవి. పబ్లిక్ పరీక్షలో వచ్చేది నిండు కాగితం పటమని నాకు తెలుసు. ఇన్నేళ్ళుగా పేపర్లు దిద్దుతున్నదాన్ని, తెలియకపోవడమేమిటి. ఫిబ్రవరిలో పెద్ద పటాలు ఇప్పించి కొత్త లెక్క నేర్పిద్దాంలే అనుకున్నాను.

ఆ క్లాసులో శామీర్‌పేట చెరువులో చేపలు పట్టే ఇంటి పిల్ల ఒకతి ఉండేది. తండ్రి వల వేస్తాడు, తల్లి కట్ట దగ్గర రోడ్డు పక్కన కూర్చుని అమ్ముతుంది. పిల్ల లెక్కల్లోనూ సైన్సులోనూ చురుకు. అర్థమైంది ఏదైనా చేసేది, అర్థం కాకుండా బట్టీ పట్టడం చేతకాదు. కాబట్టి సోషల్‌లో ఎప్పుడూ అంచు మీదే ఉండేది. పది పాసై ఇంటర్లో ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులో చేరాలని ఆ పిల్ల ఆశ. ఆ సంగతి నాకు చెప్పింది వాళ్ళమ్మ. మీటింగుకు వచ్చి, ఎదురుగా కుర్చీ ఉన్నా కూర్చోకుండా నిలబడి మాట్లాడింది.

"గీ సోషల్ ఒక్కటి గట్టెక్కియ్యున్రి మేడం. పాసైతే సదివిస్తనన్నడు దాని నాయిన. ఫేలైతే ఇగ నా పక్కన కూసోని సేపలు కోసుడే."

నేను చూసుకుంటానని మాటిచ్చాను. నా కొలత మీద నాకంత ధీమా.

ఆ పిల్లకు ఆ కొలత కూడా కుదరలేదు. చిన్నప్పటి నుంచీ వల తాళ్ళు లాగిన చేతులు, వేళ్ళు లావు. నాలుగు వేళ్ళు దిగితే నాగపూర్ ఆదిలాబాద్ దాటి కిందికి వచ్చేసేది. ఒకరోజు క్లాసు మధ్యలో ఆ చెయ్యి పట్టుకుని అందరికీ కనబడేట్టు ఎత్తి, ఇవి మోటు వేళ్ళు, నువ్వు ఒకటి తగ్గించుకో అన్నాను. క్లాసంతా నవ్వింది, నేనూ నవ్వాను. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, నా కొలతలో లోపాన్ని ఒక ఆడపిల్ల చేతి మీదికి నెట్టేశాను.

ఆ పిల్ల చెయ్యి వెనక్కి తీసుకుంది గానీ కూర్చోలేదు. తమ ఇంట్లో వల అల్లేటప్పుడు కూడా కన్ను, అంటే తాళ్ళ మధ్య సందు, ఎన్ని వేళ్ళు ఉండాలో అనుకుంటారని చెప్పింది. కానీ బాపు వేళ్ళు వేరు, అవ్వ వేళ్ళు వేరు కాబట్టి వేళ్ళతో కొలవరట. ఒక వెదురు బద్దను కోసి పెట్టుకుని, ఇంట్లో ఎవరు అల్లినా దాంతోనే కొలుస్తారట. అదంతా చెప్పి, నన్ను అడిగింది.

"పరీక్షల పెద్ద మ్యాప్ వస్తే ఎట్ల మేడం? మ్యాప్ పెద్దగైతది గని ఏళ్ళు పెద్దగ గావు గదా."

క్లాసు మళ్ళీ నవ్వింది. మ్యాపు స్కేలు అనే పాఠం మొత్తం ఆ రెండు మాటల్లో ఉంది. పరీక్షలో రాదని నేను ఎగ్గొట్టిన పాఠం అది. అలాంటి ప్రశ్న ఒక టీచరుకు సర్వీసు మొత్తం మీద ఏ నాలుగుసార్లో ఎదురవుతుంది. నేను గడియారం చూసుకున్నాను. చెప్పింది చెప్పినట్టు చెయ్యి, నీ తెలివి తర్వాత చూపిద్దువు గానీ అన్నాను. ఆ పిల్ల కూర్చుంది. ఆ ఏడాది మళ్ళీ ప్రశ్న అడగలేదు. ఒక వేలు తగ్గించుకుని చుక్కలు పెట్టడం నేర్చుకుంది. జనవరిలో చిన్న పటాలతోనే పెట్టిన బడి పరీక్షలో మ్యాపులో పూర్తి మార్కులు తెచ్చుకుంటే, చూశావా అన్నాను.

ఫిబ్రవరి రాగానే నా పీరియడ్లన్నీ లెక్కలకు పోయాయి. మామూలుగా అయితే స్టాఫ్ రూంలో ఇల్లు పీకి పందిరేసేదాన్ని. ఈసారి నోరు మెదపలేదు. శాలువా కప్పినవాడితో పేచీ ఎందుకనిపించింది. పోనీ, పెద్ద పటం వస్తుంది జాగ్రత్త అని పిల్లలకు ఒక్క ముక్క చెప్పడానికి పీరియడ్ అక్కర్లేదు, ప్రార్థన దగ్గర చెప్పొచ్చు. చెబితే, వీడియోలు తీసుకున్న ఆ కొలత ఎందుకూ పనికిరాదని నా నోటితో నేనే ఒప్పుకున్నట్టవుతుంది. అందుకని చెప్పలేదు. తర్వాత అడిగినవాళ్ళతో మరిచిపోయానని అన్నాను. నేనేమీ మరిచిపోలేదు.

సోషల్ పరీక్ష రోజు సెంటరు గేటు బయట నిలబడ్డాను. ముందుగా కాలనీ పిల్లలు వచ్చారు. సెల్లారు నాన్నగారి కొడుకు నవ్వుతూ వచ్చి, వేళ్ళు పెడితే చెన్నై రాజస్థాన్‌లో పడింది మేడం, అప్పుడు మా ఇంట్లో అట్లాసు గుర్తుచేసుకుని మార్చేశాను అన్నాడు. ఇంట్లో అట్లాసు ఉన్నవాడికి అది జోకే. లేనివాళ్ళ పటంలో దేశంలోని ఊళ్ళన్నీ పైన ఎడమ మూలకు చేరి, దక్షిణాది అంతా ఖాళీగా మిగిలి ఉంటుందని అక్కడ నిలబడే లెక్క వేసుకున్నాను. చేపల ఇంటి పిల్ల చివర్న వచ్చింది. ఎట్లా రాశావంటే, రాసిన మేడం అని ఒక్క మాట అని ఆటో వైపు వెళ్ళిపోయింది.

ఫలితాల రోజు కరస్పాండెంటు నన్ను పిలిపించాడు. నూటికి నూరు శాతం అని ఫ్లెక్సీ ముందే అచ్చు వేయించాడట, ఒక్క పిల్ల చెడగొట్టిందట. ఆ పిల్ల మిగతావన్నీ మంచి మార్కులతో పాసై, సోషల్ మూడు మార్కుల్లో పోగొట్టుకుంది. నేను అదే అంకె చూస్తూ కూర్చుంటే, ఆయన శాతం మీద టాపర్ ఫొటో అంటిస్తే సరిపోతుందా అని నా సలహా అడుగుతున్నాడు. ఎక్కడ అంటించుకోవాలో నాకు ఒక చోటు తోచింది గానీ బయటికి చెప్పేది కాదు. మర్నాటికల్లా ఆ ఫ్లెక్సీ కరీంనగర్ రోడ్డు మీద కట్టారు.

దాని కిందుగానే బస్సులో శామీర్‌పేట వెళ్ళాను. కట్ట దగ్గర పెద్ద గొడుగు కింద తల్లీ కూతురూ ఉన్నారు. తల్లి తూకం వేస్తుంటే పిల్ల కత్తిపీట ముందు కూర్చుని పొలుసు గీస్తోంది. నన్ను చూడగానే తల్లి చేతులు కడుక్కుని, స్టూలును కొంగుతో తుడిచి వేసింది. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే నాకు సుఖంగా ఉండేది. తన పిల్లకే మట్టి బుర్ర అనీ, నేను ఎంత మంచిగా చెప్పినా ఎక్కలేదనీ, నాకు చెడ్డపేరు తెచ్చిందనీ ఆమే నన్ను మన్నించమని అడగడం మొదలుపెట్టింది. పిల్ల తల ఎత్తకుండా తన పని తాను చేసుకుంటోంది.

నాకు తప్పు ఒప్పుకునే అలవాటు లేదు. ఇన్నేళ్ళూ పక్కవాళ్ళ తప్పులు చూడటానికే టైం సరిపోలేదు. అయినా చేపలకు నిలబడ్డవాళ్ళంతా వింటుండగా చెప్పాను. తప్పు పిల్లది కాదు, చిన్న పటం మీద నేర్పింది నేను, పెద్దది వస్తుందని తెలిసి కూడా చెప్పనిది నేను అన్నాను. సప్లిమెంటరీ పరీక్ష దాకా రోజూ సాయంత్రం వాళ్ళింటికే వచ్చి చదివిస్తానన్నాను. అన్నట్టే వెళ్ళాను. ఆ పిల్ల పాసైంది, కోరుకున్న కోర్సులో చేరింది, అందులో నా గొప్పేమీ లేదు.

కానీ ఆ రోజు నేను తప్పు నాదేనని చెప్పినప్పుడు ఆ పిల్ల కత్తిపీట మీద నుంచి చెయ్యి తీసి, మొదటిసారి నా మొహంలోకి చూసింది.

"నాకెర్కే మేడం. మ్యాప్ సూడంగనే ఎర్కైంది. హైదరాబాద్ యాడుంటదో నాకు తెల్వదా? ముందుగాల సరైన జాగలనే సుక్క వెట్టిన. మల్ల తుడిపేసి, ఏళ్ళతోని కొల్సి మీరు జెప్పిన కాడ వెట్టిన."

సరైన చోట పెట్టినదాన్ని ఎందుకు తుడిపేశావని అడిగాను.

"మేడం తప్పు జెప్పదు, నేనే తప్పు అనుకున్న."

ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందేమోనని వెతికాను. ఎత్తిపొడుపు నాకు బాగా తెలిసిన భాష, ఉంటే ఇట్టే పట్టేదాన్ని. లేదు. నా సర్వీసు మొత్తంలో నన్ను అంతగా నమ్మిన మనిషి ఇంకొకరు లేరు, నమ్మినందుకు ఆమె ఇక్కడ పొలుసు గీస్తోంది. ఎవరో కిలో రవ్వులు అడిగారు. ఆ పిల్ల లేచి తొట్టిలోంచి చేప తీస్తుంటే, నేను ఆ స్టూలు మీదే కూర్చుండిపోయాను.