రాజుల ఇటుకలు, అమ్మమ్మ గోరీ

మా అమ్మమ్మను పూడ్చినచోట ఇప్పుడు గోదావరి నీళ్లు నిలుస్తాయి. కోటిలింగాల దగ్గర అమ్మ పుట్టిన ఊరు ప్రాజెక్టు కింద మునిగింది. జనం తలుపులు, దూలాలు, ఆఖరికి ఇంటి పెంకులు కూడా విప్పుకుపోయారు. చనిపోయినవాళ్లను మాత్రం ఎవరూ తీసుకుపోలేదు.

పెద్దలకు పెట్టే పెత్రమాసనాడు జగిత్యాలలో మా డాబా మీద అమ్మమ్మ పేరున అన్నం పెడితే కాకి ముట్టదు. కాకి ముడితే పెద్దలు తిన్నట్టు, లేదంటే అలిగినట్టు. "మా అవ్వకు నా మీద కోపం పోలే. ఒక్కదాన్ని నీళ్లల్ల ఇడిశిపెట్టి అచ్చిన గద" అంటుంది అమ్మ. టౌను కాకులకు చికెన్ సెంటర్ల దగ్గరే కడుపు నిండుతుందే తల్లీ అని ఎన్నిసార్లు చెప్పానో. వింటే కదా.

పోయిన ఎండాకాలం నీళ్లు బాగా తగ్గి అమ్మమ్మను పూడ్చిన పాత దిబ్బ తేలిందని తెలిసింది. ఇక అమ్మను ఎవరాపుతారు? పొద్దున్నే అమ్మమ్మకు ఇష్టమైన చేపల పులుసు వండి టిఫిన్ గిన్నెలకెత్తింది. "కాకి ముట్టిందాక నోట్ల మెతుకు పెట్ట" అన్నది. షుగర్ మనిషి! నాకు ఒళ్లు మండింది, అయినా వెంట పోయాను.

అక్కడ ఒకప్పుడు రాజధాని ఉండేదని పుస్తకాల్లో ఉంటుంది. ఊరివాళ్లకు మాత్రం అది ఉట్టి ఇటుకల దిబ్బ. మూరెడేసి ఇటుకలు, ఎంత తవ్వినా తరగవు. పొయ్యిగడ్డకు అవే, కోళ్లగూటికి అవే. మనిషి పోతే గోరీ చుట్టూ పేర్చేవీ అవే.

తీరా చేరుకుంటే, ఎండి పగుళ్లిచ్చిన బురదలో ఎటు చూసినా ఇటుకల వరసలే. ఏది కోటగోడో, ఏది ఏనాటి సమాధో, ఏది అమ్మమ్మో! అమ్మ కొంగు నడుముకు దోపి ఒక వరస దగ్గర ఆగింది. "గిదే" అన్నది. కాసేపటికి ఇంకోటి చూపించి "కాదు, గదే" అన్నది. ఆఖరికి చతికిలబడింది.

"పుణ్యానికి దొరికినయని అందరం రాజుల ఇటుకలే పెడితిమి. ఇప్పుడు మా అవ్వను ఎట్ల గుర్తువట్టాలె బిడ్డా?"

ఏదో ఒకదాని మీద విస్తరి పెట్టించాను. కొంగలు వచ్చాయి, కాకి రాలేదు. "పులుసుల ఉప్పు తక్కువైనట్టుంది" అన్నాను. నవ్వలేదు. ఎండలో కూర్చుని విస్తరి మీద వాలే ఈగలను కొంగుతో తోలుతూనే ఉంది. అది చూశాక నా విసుగంతా ఎటు పోయిందో. ప్రాణం ఉసూరుమన్నది.

"లే అమ్మా, అన్నిటి మీద ఇంతింత పెడుదాం. అమ్మమ్మ గీడనే ఏడనో ఉన్నది గద."

"రాజులు తింటే?"

"తిననీ. వాళ్లకు మాత్రం పెట్టేటోళ్లు ఎవరున్నరు?"

ఇద్దరం వంగి వంగి కనపడిన ప్రతి వరస మీదా పిడికెడు అన్నం, చారెడు పులుసు పెట్టుకుంటూ పోయాం. చివరికి ఎక్కడినుంచో ఒక కాకి వచ్చి దూరంగా ఒక గోడ మీద వాలింది. మెతుకు ముట్టింది. బారెడు వెడల్పున్న గోడ అది. అంత గోరీ కూలోళ్లకు ఎవరు కడతారు?

అమ్మ ఆ గోడను చూసింది. తర్వాత నన్ను చూసింది.

"మా అవ్వనే గద?"

"అమ్మమ్మనే" అన్నాను.

కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఆకలైతాంది బిడ్డా, నాకు గూడ ఇంత బువ్వ పెట్టు" అన్నది.

గిన్నె అడుగున మిగిలిన నాలుగు మెతుకులు పులుసులో కలిపి, అక్కడే కూర్చోబెట్టి తినిపించాను.