నాన్న నోటుబుక్కులో అడ్డగీతలు

నా చిన్నప్పుడు, పదేళ్ళు నిండిన దగ్గర్నుంచి ఏడాదిన్నర పాటు, సాయంత్రం ఆరయిందంటే నాకు ఆట బందు. కార్ఖానా బస్తీలో మా వీధి పిల్లలంతా తొక్కుడుబిళ్ళకు గళ్ళు గీసుకునే వేళకు నేను మా వరండాలో ఒక చెక్కబల్ల ముందు కూర్చుని, దానికి బిగించిన ఇత్తడి కీని టకటకా కొడుతూ ఉండేదాన్ని. కీ నొక్కినప్పుడల్లా పక్కనున్న బజర్ కీచుమనేది. ఎదురుగా కుర్చీలో మా నాన్న ఆ కీచులు విని నోటుబుక్కులో పెన్సిల్‌తో అక్షరాలు రాసుకునేవాడు. ఇప్పటికీ సాయంత్రం ఆరయ్యేసరికి నా కుడి మణికట్టు ఎందుకో బరువెక్కుతుంది. ముసలితనం అని మా అమ్మాయి అంటుంది, అదీ నిజమే కావచ్చు.

ఆ కీచులు మోర్స్ భాష. పొట్టి కూత చుక్క, పొడుగు కూత గీత. చుక్కలూ గీతలూ కలిస్తే ఒక ఇంగ్లీషు అక్షరం. ఆ రోజుల్లో నడిసముద్రంలో ఉన్న ఓడలు ఒడ్డుతో మాట్లాడాలంటే అదే భాష. ఓడలో ఆ పని చేయాలంటే సర్కారు పరీక్ష పాసై సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. ఎంత పనితనం ఉన్నా ఆ కాగితం లేనివాడు ఓడలో కీ మీద చెయ్యి వేయడానికి వీల్లేదు.

మా నాన్న ఆ కాగితం కోసమే తంటాలు పడుతున్నాడు. అప్పటికి ఆయన తిరుమలగిరి బజారులో రేడియోలు బాగుచేసే దుకాణంలో పదిహేనేళ్ళుగా పనివాడు. పొద్దంతా వంగి తీగలు అతికీ అతికీ, వేళ్ళ నిండా కాలిన మచ్చలతో, ఎర్రబడ్డ కళ్ళతో ఉసూరుమంటూ సైకిల్ దిగేవాడు. విశాఖపట్నంలో ఒక ఓడల కంపెనీ, సర్టిఫికెట్ తెస్తే ఉద్యోగం ఇస్తామని ఆయనకు ఉత్తరం రాసింది. నలభై నిండకముందే చేరాలన్నది షరతు. నాన్నకు అప్పటికే ముప్పై ఎనిమిది దాటాయి. ఆ ఉత్తరాన్ని అమ్మ బైబిలులో పెట్టి దాచింది. ఆదివారం చర్చికి, మా మాటల్లో గుడికి, వెళ్ళినప్పుడల్లా అది కూడా మాతో వచ్చేది.

నాన్నకు మోర్స్ నేర్పింది ఆయన తండ్రి, మా తాతయ్య. సైన్యంలో వైర్‌లెస్ ఆపరేటరుగా చేసి రిటైరైన మనిషి. ఏళ్ళ తరబడి చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని వాటి గోలలో బతికినందుకు వినికిడి దాదాపు పోయింది. ఆ తరవాత కుడిచేతికి వణుకు పట్టింది. చుక్క కొట్టబోతే మూడు చుక్కలు పడేవి. అందుకని, నాన్నకు వార్తలు పంపే పని నా మీద పెట్టాడు. నాలుగు నెలలు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని నేర్పాడు. "మణికట్టు ఆడాలె బిడ్డా, వేళ్ళు గాదు" అని రోజుకు పదిసార్లు అనేవాడు. నాకు తల ప్రాణం తోకకొచ్చేది. కానీ చెయ్యి కుదిరాక, అబద్ధమెందుకు, కాస్త గర్వంగానే ఉండేది.

పరీక్షలో కాగితం మీద రాసే భాగం నాన్న మొదటిసారే పాసయ్యాడు. వచ్చిన చిక్కల్లా వినే పరీక్షతో. అయిదేసి అక్షరాల గుంపులు వరసగా వస్తూనే ఉంటాయి. అవి ఏ మాటా కావు, అర్థాన్ని బట్టి ఊహించడానికి లేదు. చెవిన పడింది పడ్డట్టు రాయాలి. కొన్ని తప్పుల దాకా క్షమిస్తారు, అవి దాటితే ఫెయిల్. నాన్న అప్పటికి రెండుసార్లు ఫెయిలయ్యాడు.

మూడోసారికి ఆయన్ని గట్టెక్కించాలని, అలాంటి గుంపులు అచ్చువేసిన పుస్తకం ముందు పెట్టుకుని నేనే పూనుకున్నాను. అక్కడే వచ్చింది తంటా. అలసిపోయి వచ్చిన నాన్న రెండు వరసలు బాగానే రాసేవాడు. తరవాత ఎక్కడో ఒక అక్షరం జారిపోయేది. పెన్సిల్ ఆగేది. నుదురు ముడుచుకుని, ఇందాక విన్నదేమిటా అని వెతుక్కునేవాడు. ఆ ముఖం చూస్తే నాకు చెయ్యి ఆడేది కాదు. ఆయన పెన్సిల్ ఆగితే నా కీ ఆగేది. ఆయనకు గుర్తొచ్చి, రాసుకుని, మళ్ళీ తల వంచాక నేను తరవాతి అక్షరం కొట్టేదాన్ని. ఒక్కోసారి పోయిన అక్షరాన్నే నెమ్మదిగా మళ్ళీ కొట్టేదాన్ని కూడా. నేనలా ఆగుతున్నానని ఆయన గమనించలేదు, వెతుకులాటలో ఉన్న మనిషికి అవతలి నిశ్శబ్దం తెలియదు. పేజీ అయ్యాక సరిచూసుకుంటే ఒక్క తప్పుండేది కాదు. ఆయన ముఖంలో ఆ కాస్త వెలుగు చూడటానికి నేను తొక్కుడుబిళ్ళ ఏమిటి, అన్నమైనా మానుకునేదాన్ని. తాతయ్య పక్కనే మంచం మీద ఉండేవాడు గానీ, ఆయనకు బజర్ వినపడదుగా.

మూడో పరీక్ష రోజు నాన్న సైకిల్ తొక్కుతూ రాలేదు, నడిపించుకుంటూ వచ్చాడు. వీధి మలుపులో చూడగానే అమ్మకు అర్థమైపోయింది. తను దిద్దుతున్న స్కూలు పిల్లల పుస్తకాలు పక్కన పెట్టి మంచినీళ్ళు తెచ్చిచ్చింది. నాన్న గ్లాసు చేత్తో పట్టుకునే కూర్చున్నాడు.

"ఒక్క అక్షరం పోయింది. దాన్ని దేవులాడుకుంట కూసున్న. తేరుకునేసరికి నాలుగు గుంపులు పోయినయ్. మళ్ళ అందుకోలేకపోయిన" అన్నాడు. తరవాత నా వైపు తిరిగి, "ఇంట్ల మంచిగనే వస్తుండె గద బిడ్డా?" అన్నాడు.

అది తప్పుపట్టడం కాదు. నిజంగానే అర్థంకాక అడిగాడు. అదే నాకు గుండెలో గుచ్చుకుంది. ఇంకొక్క పరీక్షే మిగిలింది, ఆ తరవాత వయసు దాటిపోతుంది.

వారం రోజులు మా వరండాలో చప్పుడు లేదు. ఆ పైన తాతయ్యే పట్టుబట్టి నాన్నను మళ్ళీ కూర్చోబెట్టాడు. ఆ సాయంత్రం ఆయన మంచం దిగి వచ్చి నా పక్కన ముక్కాలిపీట వేసుకుని, ఎడమచేతి వేళ్ళ కొసలు చెక్కబల్ల మీద ఆనించాడు. కీ పడినప్పుడల్లా చెక్క అదురుతుంది. ఆ అదురు ఆయన వేళ్ళకు అందుతుంది. నాకా సంగతి తెలియదు. వేళ్ళు చెక్క మీద, కళ్ళు నాన్న పెన్సిల్ మీద. అలా ఒక పేజీ అయ్యేదాకా కదలకుండా కూర్చుని లేచిపోయాడు.

మర్నాడు ఆదివారం. గుడి నుంచి వచ్చాక, అమ్మ వంటలో ఉండగా తాతయ్య నన్ను పిలిచాడు.

"మీ నాయిన పెన్సిల్ ఆగితే నీ చెయ్యి ఆగుతున్నది. ఎప్పటిసంది?"

దొరికిపోయాను. "నాయిన అలసిపోయి వస్తడు గద తాతా" అని ఆయన చెవి దగ్గర నోరు పెట్టి అన్నాను.

ఆయన కోప్పడలేదు. నన్ను నాన్న కుర్చీలో కూర్చోబెట్టి పెన్సిల్ చేతికిచ్చాడు. వణికే కుడిచేతిని ఎడమచేత్తో అదిమిపట్టుకుని తను కీ ముందు కూర్చున్నాడు. ఒక పేజీ పంపాడు. నేను ఎక్కడ తడబడితే అక్కడ ఆగాడు. నేను రాసుకున్నాక మళ్ళీ మొదలుపెట్టాడు. అంతా సరిగ్గా వచ్చింది. నేను పొంగిపోయాను. రెండో పేజీకి ఆయన ఆగలేదు. ఒక అక్షరం పోయింది, నేను వెతుక్కున్నాను, కీచులు నా మీంచి వెళ్ళిపోతూనే ఉన్నాయి. చేతులెత్తేశాను. తలెత్తి చూస్తే తాతయ్య నన్ను చూడటం లేదు, కీని చూస్తున్నాడు. నుదుటి నిండా చెమట.

అయ్యాక ఆయాసం తీర్చుకుని అడిగాడు. "ఇప్పుడు చెప్పు. మొదటిపాలి నేను మంచోణ్ణా, రెండోపాలి మంచోణ్ణా?"

నేను ఏడుపు మొహం పెట్టుకుని నిలబడ్డాను. తాతయ్య పెన్సిల్ తీసుకుని నా కాగితం మీద, అక్షరం పోయినచోట, చిన్న అడ్డగీత పెట్టాడు.

"పోయినదాన్ని పోనియ్యాలె. గిట్ల ఒక గీత పెట్టి, వచ్చేదాన్ని ఇనాలె. గీతకు ఒక్కటే తప్పు. ఆగితే ఎన్ని పోతయో నువ్వే చూసినవ్. మీ నాయినకు నేను షురూల్నే చెప్పిన. చెవికెక్కలే. ఇంట్ల ఆగేటోళ్ళు ఉంటే ఎందుకెక్కుతది?" అన్నాడు. పెన్సిల్ నా చేతిలో పెట్టి, "నాయినకు నేను చెప్ప. నువ్వు సుత నోటితోని చెప్పకు. చేతితోని చెప్పు" అన్నాడు.

సోమవారం నాన్న దుకాణం నుంచి ఆలస్యంగా వచ్చాడు. తలనొప్పిగా ఉంది, ఇవాళ వద్దన్నాడు. తాతయ్య కుర్చీ చూపించాడు. నాన్న కూలబడ్డట్టు కూర్చుని పెన్సిల్ తీశాడు. మూడో వరసలో ఆయన చెయ్యి ఆగింది. నేను ఆపలేదు. రెండు గుంపులు వెళ్ళిపోయాక ఆయన తలెత్తి నా వైపు చూశాడు. ఆ చూపు ఎలా ఉందో ఇన్నేళ్ళ తరవాత కూడా చెప్పలేను. చెయ్యిపట్టుకుని నడిపిస్తున్న మనిషి నడిరోడ్డు మీద చెయ్యి వదిలేస్తే చూసే చూపు. నా మణికట్టు ఆగిపోతానని మొరాయించింది. తాతయ్య వేళ్ళు చెక్క మీదే ఉన్నాయి. పేజీ అయ్యేదాకా కొట్టాను. నాన్న సగం పేజీ ఖాళీగా వదిలి, "సాలుతీయ్" అని లోపలికి వెళ్ళిపోయాడు.

మంగళవారమూ అంతే, బుధవారమూ అంతే. ఆయన మీద నాకు జాలి, తాతయ్య మీద కోపం, నా మీద నాకే అసహ్యం. గురువారం, అయిదో వరసలో, పెన్సిల్ ఆగబోయి ఆగలేదు. కాగితం మీద బర్రుమని ఒక చిన్న గీత చప్పుడు. వెంటనే తరవాతి అక్షరం. ఇంకో వరసలో మళ్ళీ ఆ చప్పుడు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగి పుస్తకంలో అక్షరాలు కనపడలేదు. కనపడ్డవి కొట్టాను, కనపడనివి వదిలేశాను. తాతయ్య వేళ్ళకు ఆ సంగతీ తెలిసే ఉంటుంది.

నాలుగోసారి నాన్న పాసయ్యాడు. సర్టిఫికెట్ పోస్టులో వచ్చినప్పుడు తాతయ్య దాని మీది ముద్రను వేలితో తడిమి తడిమి చూశాడు. "ఏడు గీతలు పెట్టిన పరీక్షల" అని నాన్న నాకొక్కదానికే చెప్పాడు. నలభై నిండటానికి రెండు నెలలుందనగా విశాఖపట్నం రైలెక్కాడు.

తరవాత మా ఇల్లు బాగుపడిందనే చెప్పాలి. కానీ నాన్న ఏడాదిలో పది నెలలు సముద్రం మీదే. సాయంత్రం ఆరింటికి నన్నెవరూ పిలిచేవాళ్ళు కాదు, అయినా ఆడుకోబుద్ధి పుట్టేది కాదు. నాన్న రెండోసారి ఓడెక్కినప్పుడు తాతయ్య పోయాడు. ఆ కబురు ఆయనకు మోర్స్‌లోనే అందింది. తండ్రి చావుకబురును తనే అక్షరం అక్షరంగా రాసుకున్నాడు. అందులో గీతలు ఎన్ని పెట్టావని నేను ఎప్పుడూ అడగలేదు. ఆగకుండా కొట్టి ఆయన్ని మాకు దూరం చేసింది నా చెయ్యేనా అని చాలా ఏళ్ళు బాధపడ్డాను. ఇప్పుడు ఆ బాధ కూడా అలసిపోయింది.

నాన్న చివరి రోజులు అల్వాల్‌లో మా ఇంట్లోనే గడిచాయి. ఆయన చెవులూ తాతయ్యవి పోయినట్టే పోయాయి. రోజూ సాయంత్రం ఆయన అరచేతిలో నా వేలితో కబుర్లు కొట్టేదాన్ని. తెలుగు మాటలనే ఇంగ్లీషు అక్షరాల్లో. కూర ఏమిటో, మనవడికి మార్కులెన్నో, వానొచ్చిందో లేదో. అందనిచోట ఆయన చూపుడువేలు నా మణికట్టు మీద అడ్డంగా ఒక గీత గీసేది. పోనీ, తరవాతది చెప్పు అని.

చివరి సాయంత్రం ఆ వేలు మాటమాటకూ గీత గీసింది. నేను కొట్టినవాటిలో ఏమీ అందడం లేదని తెలుస్తూనే ఉంది. ఆగి, మొదటినుంచి మళ్ళీ చెబుదామని చెయ్యి ఉబలాటపడింది. ఆయన కళ్ళు తెరిచి నన్ను చూశాడు. ఈసారి ఆ చూపులో భయం లేదు. నేను ఆగలేదు. గేటు దగ్గర మల్లె పూసిందని, అమ్మ ఫోటోకు దండ వేశానని, పక్కింటి కుక్క మళ్ళీ ఈనిందని చెప్పుకుంటూ పోయాను. గీతలు గీస్తూ గీస్తూ ఆ వేలు నా మణికట్టు మీదే నిలిచిపోయింది. నేను చెప్పదలుచుకున్న కబురు ఇంకా నాలుగు మాటలుంది. అవి కూడా కొట్టాకే చెయ్యి తీశాను.

నాకిప్పుడు డెబ్బై మూడు. పేర్లు పోతున్నాయి, మనుషులు పోతున్నారు, మధ్యాహ్నం ఎక్కడ పెట్టానో తెలియని కళ్ళజోడు కోసం ఇల్లంతా తిరిగే ఓపిక లేదు. పోయినచోట ఒక అడ్డగీత పెట్టుకుని వచ్చేదాన్ని వింటున్నాను. ఎవరూ నా కోసం ఆగాలని కోరుకోవడం మానేశాను. సాయంత్రం ఆరింటికి మణికట్టు బరువెక్కినప్పుడు మాత్రం, నాన్న వేలు ఇంకా అక్కడే ఉన్నట్టుంటుంది.