వాక్యంలో మనిషిని వెతికిన సారు

మా ఇంగ్లీషు సారు పోయారని మొన్న పొద్దున ఆటోలో తెలిసింది. డ్యూటీకి పోదామని జహీరాబాద్ బస్టాండ్ దగ్గర ఝరాసంగం ఆటో ఎక్కి కూర్చున్నాను. డ్రైవరు నాతో చదివినవాడే. అద్దంలో నన్ను చూసి, "సారు పోయిండంట" అన్నాడు. ఏ సారని నేను అడగలేదు. మా ఇద్దరికీ ఆ మాటకు ఒక్క మనిషే ఉన్నారు.

మాది సర్కారు బడి. ఎనిమిదో తరగతిలో మేము 'నిన్న వచ్చిన' అన్నదాన్ని 'కేమ్ ఎస్టర్‌డే' అని రాసేవాళ్లం. సారు కొట్టేవారు కాదు. జేబులోంచి నాలుగు పుట్నాలు తీసి నోట్లో వేసుకుని, అవి నమిలే దాకా ఆలోచించుకునేవారు.

"మన తెలుగుల 'వచ్చిన' అంటె నేనని ఎరుకైతది. 'వచ్చిన్రు' అంటె వాళ్లని ఎరుకైతది. క్రియ తోకల్నే మనిషి దాక్కుని ఉంటడు. ఇంగ్లీషు క్రియకు గా తోక లేదు బిడ్డా. గందుకే మనిషిని ముందుగాల నిలవెట్టాలె."

మాలో ఒకరిని నిజంగానే నల్లబల్ల ముందు నిలబెట్టి, "ఎవరు? ఏం చేస్తున్నరు?" అని అడిగేవారు. ఈ రెండు ప్రశ్నలకూ జవాబు దొరికితేనే అది వాక్యం.

ఆ ఏడు వానలు ముందే మొదలయ్యాయి. నల్లబల్ల పక్కన గోడలో వెంట్రుకంత పగులు కనిపించింది. సారు దాని చివర సుద్దముక్కతో గీత గీశారు. కొన్నాళ్లకు పగులు ఆ గీతను దాటింది. ఆయన ఇంకో గీత గీశారు. అదీ దాటింది. ఒకరోజు చీమలు తెల్లటి గుడ్లు మోసుకుంటూ ఆ పగుల్లోంచి వరసగా బయటికి పోతుంటే, సారు పాఠం ఆపి వాటినే చూస్తూ నిలబడ్డారు.

హెడ్మాస్టరు వచ్చి, "పైకి రాసినం. రిపేర్ అయితది" అన్నారు.

"ఎవరు చేస్తరు సార్?"

"అయితది అంటున్న గదా!"

ఆయన వెళ్లాక సారు 'రిపేర్ అయితది' అని బల్ల మీద రాసి మా వైపు తిరిగారు. "దీంట్ల పని ఉన్నది. మనిషేడి?" మేము నవ్వాం. ఆయన నవ్వలేదు. మా నవ్వు ఆగాక గోడ లోపలి నుంచి ఇసుక రాలుతున్న చప్పుడు మాకందరికీ వినిపించింది.

తర్వాత ముసురు పట్టింది. సారు మమ్మల్ని గదిలోకి రానీయకుండా పంచాయతీ ఆఫీసు వరండాకు తీసుకుపోయారు. హెడ్మాస్టరు గొడుగేసుకుని వచ్చి కేకలేశారు. "ఎవల్ని అడిగి తెచ్చినవ్ పిల్లల్ని?"

"నేను తెచ్చిన సార్. అడిగెటోళ్లకు నేనే జవాబు చెప్త."

ఆరోజే అన్నం బెల్లుకు ముందు చప్పుడైంది. పెద్ద చప్పుడేం కాదు, లారీ మీంచి బస్తాలు దించినట్టుగా. సారు చేతిలో పుస్తకం వదిలేసి వానలోనే పరుగెత్తారు. మా గది ఉన్నచోట తడిసిన మట్టి, విరిగిన దూలాలు, ఆకాశం. మాకు మధ్యాహ్నం అన్నం వండే పెద్దమ్మ, పొడి కట్టెల కోసం ఆ ఖాళీ గదిలోకి పోయింది. మట్టి కింద నుంచి ఆమె చేయి ఒక్కటే కదులుతోంది. సారు, ఊరివాళ్లు కలిసి చేతులతోనే తవ్వి బయటికి తీశారు. ప్రాణం దక్కింది, కాలు దక్కలేదు.

విచారణకు ఆఫీసరు వచ్చినప్పుడు మేము కిటికీ బయట గుంపుగా నిలబడి విన్నాం. "గోడ కూలింది" అన్నారు ఒకరు. "వాన వడ్డది" అన్నారు ఇంకొకరు. "గట్ల అయిపోయింది" అన్నారు హెడ్మాస్టరు. చివరికి సారును అడిగారు.

"గోడ కూలింది అన్న వాక్యంల తప్పు లేదు సార్. గోడ కర్త, కూలింది క్రియ. పరీక్షల రాస్తె మార్కులు వడ్తయ్" అని ఆగారు. "పిల్లల్ని నేను బయటికి తీసుకపోయిన. ఆ గదికి తాళం నేను వెయ్యలే. గీ రెండు రాసుకోన్రి."

రాసుకున్నారు. ఆ రెండు వాక్యాలకే మనిషి దొరికాడు గనుక చర్య కూడా ఆయన మీదే తీసుకున్నారు. న్యాల్‌కల్ అవతల, కర్ణాటక సరిహద్దు బడికి బదిలీ చేశారు. పోయే రోజు మాతో అన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది: "మంచి జరిగితె అందరు 'నేను చేసిన' అంటరు. చెడు జరిగితె 'అయిపోయింది' అంటరు. గప్పుడు భయపడున్రి బిడ్డా. అట్లన్నకాడ అది మల్ల అయితది."

నేను ఇప్పుడు నర్సుగా పనిచేస్తున్నాను. దవాఖానలో ఎవరైనా "సూది మారిపోయింది" అంటే నా ఒళ్లు జలదరిస్తుంది. ఎవరు మార్చారని అడుగుతాను. అడిగినందుకు కొందరికి నేనంటే పడదు.

ఆటో డ్రైవరు ఆరోజు బండిని నేరుగా సారు ఇంటికే తిప్పాడు. మాకంటే ముందే పెద్దమ్మ వచ్చి, చంకకర్ర పక్కన పెట్టుకుని గడపలో కూర్చుని ఉంది. "నీ తప్పు లేదు సారూ అని మస్తు చెప్పిన. ఇనకపాయె" అంది, నన్ను గుర్తుపట్టి.

దహనం అయ్యాక సారు భార్య నన్ను లోపలికి తీసుకుపోయారు. సారు పడుకునే గది ఖాళీగా ఉంది, ఇనుప మంచం బయట వేసేశారు.

"వాన వడ్డదంటె మీ సారు మంచం నడిమిట్లకు గుంజుకునేది. తర్వాత తర్వాత ఎండకాలం గూడ అట్లనే" అన్నారామె. "గోడల దిక్కు సూసుకుంట పండుకునేది బిడ్డా. ఏందని అడిగితె, సప్పుడు ఇంటున్న అనేది."

నేల మీద మంచం కోళ్ల తుప్పు మరకలు నాలుగున్నాయి. గది నట్టనడుమ, ఏ గోడకూ అందనంత దూరంలో.