క్లచ్ కాలు

జీవితంలో సగానికి పైగా కొండ దారిలో బస్సు నడిపిన మనిషి ఇప్పుడు టికెట్ కౌంటర్లో కూర్చుంటున్నాడు. ఎడమ పక్కన, నడుముకు కిందుగా, లోపలెక్కడో నొప్పి. కూర్చుని లేస్తే కత్తి దిగినట్టుంటుంది. ఒక ఉదయం మలుపులో క్లచ్ తొక్కబోతే ఎడమ కాలు సమయానికి కదల్లేదు. ఎలాగో బ్రేకు పడింది, ఎవరికీ ఏమీ కాలేదు. ఆ రోజే ఆయన డిపోకు వచ్చి, ఎవరూ అడగకముందే తాళాలు బల్ల మీద పెట్టేశాడు.

కౌంటరు అద్దంలోంచి బస్సుల వీపులే కనిపిస్తాయి. తన పాత బండి బయలుదేరితే తల ఎత్తకుండానే గొంతు గుర్తుపడతాడు. కొత్త డ్రైవరు గేరు ఆలస్యంగా మారిస్తే లోలోపల తిట్టుకుంటాడు. కుర్చీ కింద ఎడమ పాదం దానంతటదే నేలను నొక్కుతుంది. పొగమంచు విడిపోతూ దారిని కొంచెం కొంచెంగా చేతికిచ్చే ఆ కొండ ఉదయం, ఆయన ఒంట్లో ఇంకా రోజూ తెల్లవారుతూనే ఉంది.

ఇద్దరు డాక్టర్లు చూశారు. వంగమన్నారు, కాలు ఎత్తమన్నారు. నొప్పిగా ఉందా అని అడిగిన ప్రతిసారీ ఆయన "లేదండీ" అన్నాడు. అది డిపో నేర్పిన మాట. ఏటా జరిగే వైద్య పరీక్షకు ముందు డ్రైవర్లు గేటు దగ్గర ఒకరికొకరు చెప్పుకునేది అదొక్కటే: ఏమడిగినా లేదను, స్టీరింగు నీ చేతిలోనే ఉంటుంది. నొప్పికి కారణం తేలలేదు. కౌంటరూ తప్పలేదు.

చివరికి భార్య పట్టుబట్టి ఫిజియోథెరపిస్టు దగ్గరకు తీసుకొచ్చింది. కూతురి వయసు పిల్ల.

"నొప్పెక్కడో ఒక్క వేలితో చూపించండి బాబాయ్ గారూ."

ఆయన అరచెయ్యంతా నడుముకు ఆనించాడు. "ఇదిగోనమ్మా, ఇటుపక్కంతా."

"ఊరంతా చూపిస్తే ఎలా? ఇంటి నంబరు చెప్పండి."

"ఆయనకి రూట్లే తెలుసమ్మా, ఇళ్లు తెలీవు," అంది భార్య.

ఆయన వేలు తడుముకుంటూ వెళ్లి నడుం గుంటకు కాస్త కిందుగా ఆగింది. ఆ అమ్మాయి ఆయనను వెల్లకిలా పడుకోబెట్టి తుంటి ఎముకల కొసలను రెండు పక్కలకూ విడదీస్తున్నట్టు నొక్కింది. నొప్పుందా అంటే, "లేదమ్మా." పక్కకు తిప్పి పైనుంచి నొక్కింది. లేదు. మోకాలు మడిచి, తొడ మీదుగా బలమంతా కిందికి తోసింది. ఆయన గుప్పిట్లో దుప్పటి నలిగిపోయింది. "లేదు."

"పిన్నిగారూ, ఇంట్లో కూడా ఇంతేనా ఈయన?"

"ఇంట్లోనా! పక్కకి తిరగాలంటే అమ్మా అని పిలుస్తారు. ఆవిడ పోయి ఎన్నేళ్లయిందో!"

ఆ అమ్మాయి స్టూలు లాక్కుని ఆయన ముఖానికి దగ్గరగా కూర్చుంది.

"ఈ పరీక్షలన్నీ మీ నొప్పిని నిద్ర లేపడానికే బాబాయ్ గారూ. అది లేచినప్పుడు మీరే గుర్తుపట్టి చెప్పాలి. దాచేస్తే నేను దేనికి వైద్యం చెయ్యను?"

ఆయన పైకప్పును చూస్తూ, "ఉందంటే బండివ్వరు కదమ్మా," అన్నాడు.

"లేదంటే ఇచ్చారేంటి?" అంది భార్య. ఈసారి గొంతులో నవ్వు లేదు.

మళ్లీ మొదటినుంచీ మొదలుపెట్టారు. తుంటి ఎముకలు నొక్కితే, "ఇది నువ్వు నొక్కిన నొప్పి, నాది కాదు," అన్నాడు. పక్కకు తిప్పినప్పుడూ అంతే. తొడ మీదుగా తోసినప్పుడు ఊపిరి ఆగింది. "ఇదేనమ్మా." కుడి మోకాలు గుండెలకు హత్తుకోమని, ఎడమ కాలు బల్ల అంచు నుంచి కిందికి వదిలి నొక్కితే, "ఇదే." బోర్లా పడుకోబెట్టి వెన్ను అడుగున ఉండే ముక్కోణపు ఎముక మీద అరచెయ్యి దింపితే, "ఇదే... ఇదే." చాన్నాళ్లకు ఎదురుపడిన మనిషిని పేరు పెట్టి పిలుస్తున్నట్టుంది ఆ గొంతు. భార్య కిటికీ వైపు తిరిగి కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ఈ ఎముకా తుంటి ఎముకా కలిసే కీలుంది చూశారా, మూడుసార్లు మీ నొప్పి అక్కడే లేచింది. చాలావరకు అదే. బెల్టు, వ్యాయామం. తగ్గుతుందనే నా ఆశ."

"బండి?"

"మాటివ్వలేను. బాగా తగ్గితే ముందు ఊళ్లో తిరిగే బస్సు."

"కొండ?"

ఆ అమ్మాయి ఆయనను మళ్లీ వెల్లకిలా తిప్పి కాళ్ల దగ్గరకు జరిగింది. "అది మీ కాలు చెప్పాలి. అది చెప్పింది చెప్పినట్టు మీరు నాకు చెప్పాలి."

ఆయన ఎడమ పాదం కింద తన అరచెయ్యి పెట్టింది. "మెల్లగా తొయ్యండి. నొప్పి వస్తే ఆగండి."

ఆయన కళ్లు మూసుకుని తోశాడు. అలవాటైన మాట పెదవుల దాకా వచ్చింది. మింగేశాడు.

"వచ్చిందమ్మా. సగంలో."

"అయితే సగం దాకానే."

ఎదురుగా వచ్చే బండికి దారివ్వడానికి ఏటవాలులో బస్సును సగం క్లచ్ మీద ఆపి పట్టుకునేవాడు, ముందుకూ పోనివ్వకుండా, వెనక్కీ జారనివ్వకుండా. ఇప్పుడూ పాదాన్ని అలాగే నిలిపి ఉంచాడు. కళ్లు తెరవలేదు.