కారులో రేడియో, రంగూనులో తమ్ముడు

టెక్కలిలో ఒక భూస్వామి కారు నడిపేవాణ్ణి. యుద్ధం ముదిరాక బాబుగారు ఆ కారులో రేడియో పెట్టించారు. మా ప్రాంతంలో ఇళ్లకి కరెంటు లేదు, దానికి కారు బ్యాటరీయే దిక్కు. బాబుగారికి అదొక సరదా. నాకు మాత్రం ప్రాణం దానిమీదే ఉండేది. నా తమ్ముడు రంగూనులో బియ్యం మిల్లులో కూలీ. అక్కడ బాంబులు పడ్డాయన్న కబురు వచ్చాక వాడి జాడ లేదు.

సరిగ్గా అప్పుడే రేడియో మొరాయించింది. స్విచ్చి తిప్పగానే రెండు మాటలు వినిపించేవి, ఆపైన గొంతు పూడుకుపోయి ఉత్త గురగుర మిగిలేది. బ్యాటరీ నీరసించిందనుకుని పలాసలో ఇంజను మిల్లుకి మోసుకెళ్లి ఛార్జి చేయించాను. అయినా అదే తంతు. బ్యాటరీ తప్పయితే కారు దీపాలు మసకబారాలి కదా? అవి కళ్లు చెదిరేలా వెలుగుతున్నాయి. ఫ్యూజు మార్చాను, బ్యాటరీ నుంచి పెట్టెదాకా తీగంతా చేత్తో తడిమాను. ఒళ్లు మండి పెట్టెను ఒక్క గుద్దు గుద్దితే నా చెయ్యి వాచింది. ఊళ్లో గాలి కబుర్లకి మాత్రం ఏ అడ్డూ లేదు. రంగూను నుంచి వచ్చే ఓడ మునిగిందని ఒకడు, అంతా అడవి దారిన నడిచి వస్తున్నారని ఇంకొకడు. నిజం చెప్పాల్సిన పెట్టె ఒక్కటే మూగబోయింది. నాకు అన్నం సయించడం మానేసింది.

వజ్రపుకొత్తూరు పక్క మా పల్లె నుంచి అమ్మ నడిచి వచ్చేసింది. "అందరి బతుకులూ సెప్తాదంట కదరా ఆ పెట్టి! మనకే ఏటొచ్చింది?" అంది.

కరెంటు వచ్చే తీగ బాగుంటే, అది తిరిగిపోయే తీగ సంగతేమిటని అప్పుడు తట్టింది. అది సీటు కింద కారు చట్రానికి బోల్టుతో బిగించి ఉంది. విప్పితే లోపల పసుపు! రేడియో బిగించిన రోజున బాబుగారి తల్లి, "ఉత్త ఇనుముకి తీగ కట్టకూడదు, పసుపెట్టి మరీ బిగించండి" అన్నారు. ఆవిడ మాటకి ఎదురెవరు? తడి పసుపు మీదే బిగించేశారు. సముద్రం పక్క ఉద్దానం వైపు తిరిగి తిరిగి ఉప్పుగాలి తగిలి, దానికింద తీగ రాగి కొస చిలుమెక్కి కూర్చుంది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రాగీ ఇనుమూ తళతళలాడేదాకా గరుకు కాగితంతో రుద్ది, మళ్లీ బిగించాను.

ఆ సాయంత్రం తెలుగు వార్తలు ఖంగున పలికాయి. రంగూను జపానువాళ్ల చేతికి చిక్కిందన్నారు. మిల్లుల మాట లేదు, కూలీల మాట అసలే లేదు. తర్వాత ఎవరో పాట అందుకున్నారు.

అమ్మ కారు తలుపు పట్టుకుని నిలబడే ఉంది. "మన గుంటడి ఊసు సెప్పలేదేటిరా?"

"అయిపోనాదమ్మా. అంతే సెప్పినారు."

"అంతే ఎలాగవుతాదిరా? ఇంకా ఏదో తీగ ఊడిపోనాది. సూడు నాయినా, ఇంకోపాలి సూడు."

ఏ తీగా ఊడలేదని నాకు తెలుసు. అయినా పానా తీసుకుని మళ్లీ సీటు కిందికి దూరాను.